మగ్గం, మత్తు సూది, ఆఫీసు కుర్చీ

తెల్లవారుజామున మూడున్నర, నాలుగు మధ్య మెలకువ వచ్చేది. అలారం అక్కర్లేదు. నడుం కింద, పిరుదుల లోపల ఎక్కడో, ఇనప కమ్మీ బిగించినట్టు ఉండేది. నేరుగా లేవలేను. ముందు ఒక పక్కకి దొర్లి, మోచెయ్యి ఆనించి, కాళ్ళు కిందికి జార్చి, మంచం అంచు పట్టుకుని లేవాలి. లేచి హాల్లో అటూ ఇటూ ఓ పావుగంట తిరిగితే కాస్త సడలేది. మారతహళ్ళిలో మాది మూడో అంతస్తు. ఆ టైముకి ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా బండ్లు పలచగా ఉంటాయి. బెంగళూరులో చాలామంది చూడని ఆ దృశ్యాన్ని నేను మూడేళ్ళపాటు దాదాపు రోజూ చూశాను.

పొద్దున తొమ్మిది దాటాక నన్ను చూసినవాళ్ళెవరూ నాకు నొప్పి ఉందంటే నమ్మరు. వంట, బాబు స్కూల్ వ్యాను, ఆఫీసు క్యాబు, అన్నీ మామూలే. "పని చేస్తున్నంతసేపూ నీకేం ఉండదు, పడుకుంటేనే నొప్పి" అని మా ఆయన ఒకట్రెండు సార్లు ఆటపట్టించాడు. ఎగతాళికే అన్నాడు గానీ, మా ఇంట్లో నా జబ్బు దాకా వచ్చింది ఆయనొక్కడేనని తర్వాత తెలిసింది.

మిగతా అందరి దగ్గరా ఒక్కో కారణం సిద్ధంగా ఉండేది. "సిజేరియన్‌లో ఎన్నుకి మత్తు సూది ఏసినారు కదా పాపా, ఆ నొప్పి బతికినన్నాళ్ళూ ఉంటుంది" అంది మా అమ్మ. మా అత్తమ్మ, ఎదురింటావిడ కూడా అదే మాట. ఈ ఒక్క విషయంలో ముగ్గురూ ఏకగ్రీవం. ఆఫీసులో తీర్పు వేరు. అక్కడ నేరం కుర్చీది. మా టీములో ఎనిమిది మంది ఉంటే ఐదుగురికి నడుం నొప్పే, కాబట్టి నాదీ అదే అనుకున్నారు. నేనూ అనుకున్నాను. పదకొండు వేలు పెట్టి ఇంట్లోకి ఒక కుర్చీ కొన్నాం. ఇప్పుడు దాని మీద ఉతికిన బట్టలు కూర్చుంటున్నాయి.

మొదట వెళ్ళింది ఎముకల డాక్టరు దగ్గరికి. "ఎప్పటినుంచి?" అన్నారు. "సిజేరియన్ అయ్యాక" అన్నాను. "ఏం పని చేస్తారు?" "సాఫ్ట్‌వేర్." అంతే, ఆయన తల ఊపి చీటీ రాయడం మొదలుపెట్టారు. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఎమ్మారై తీయించమన్నారు. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం భాగంలో నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య, డిస్కు కాస్త ఉబ్బింది అని రిపోర్టు. నడుముకి బెల్టు, పది రోజులు ఫిజియోథెరపీ, వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి ప్యాకెట్లు, ఐదు రోజులకి నొప్పి మాత్రలు. అన్నిటికన్నా ముఖ్యంగా రెస్టు.

ఆ ఐదు రోజులూ చంటిపిల్లలా నిద్రపోయాను. ఆరో రోజు మళ్ళీ మూడున్నరకి హాల్లో ఉన్నాను. రెస్టు తీసుకున్న వారం అన్నిటికన్నా ఘోరంగా గడిచింది. మాత్ర వేస్తే అంతలా తగ్గడం, పడుకుంటే పెరగడం, ఈ రెండూ పెద్ద ఆధారాలని నాకేం తెలుసు? తర్వాత వెళ్ళినప్పుడు ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. రెండో డాక్టరు అదే ఫిల్ము లైటుకి పెట్టి చూసి అదే డిస్కు పేరు చెప్పారు. ఆయన బి12 కూడా రాశారు, అదొక్కటే తేడా.

ఆ డిస్కు సంగతి తర్వాత చదివాను. ఏ నొప్పీ లేని మనుషుల స్కానింగులు పోగేసి 2015లో ఒక సమీక్ష వేశారు. ఇరవై ఏళ్ళవాళ్ళలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బి ఉందట, నొప్పి లేకుండానే. నా ఫిల్ములో కనబడింది నిజమే. కానీ నన్ను మూడున్నరకి లేపుతున్నది అది కాదు.

డొంక కదిలింది కంటి దగ్గర.

ఒక శనివారం కుడి కన్ను ఎర్రబడింది. కళ్ళకలక అనుకుని మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చుకున్నాను. పుసులు లేవు, అంటుకోవడం లేదు, కానీ వెలుతురు చూడలేకపోతున్నాను. ఫ్రిజ్ తలుపు తీస్తే లోపలి బల్బు గుచ్చుకుంటోంది. ఆదివారం రాత్రికి కంటి ముందు పల్చటి మజ్జిగ పోసినట్టయింది. మా ఆయన అప్పటికప్పుడు కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

గడ్డం ఆనించి కూర్చోబెట్టి, స్లిట్ ల్యాంప్‌లో సన్నటి కాంతి గీతని కంట్లోకి పంపి చూశారు డ్యూటీ డాక్టరమ్మ. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా ఆయన్ని పిలిచి పక్కనున్న రెండో కళ్ళజోడు గొట్టంలోంచి చూడమన్నారు. "తలుపు సందులోంచి ఎండ పడితే అందులో దుమ్ము రేణువులు ఆడతాయే, అట్లా ఉన్నాయి" అన్నాడు ఆయన. అవి దుమ్ము కాదు, తెల్ల రక్తకణాలు. కంటి ముందు భాగంలో, నల్లగుడ్డు వెనకాల ఉండే తేట నీటిలో తేలుతున్నాయి. యువైటిస్ అన్నారు. కళ్ళకలక కనుగుడ్డు పైపొరది, ఇది లోపలిది. ఆలస్యం చేస్తే కంటిపాప చుట్టూ ఉండే తెర వెనకనున్న కటకానికి అతుక్కుపోతుందని, అతుక్కోకుండా పాపని పెద్దది చేసే చుక్కలు, గంటగంటకీ వేసుకోవలసిన స్టెరాయిడ్ చుక్కలు రాశారు.

నేను లేవబోతుంటే, మందుల చీటీ రాస్తూనే తల ఎత్తకుండా అడిగారు. "బెళిగ్గె ఎద్దాగ బెన్ను నోవు ఇరుత్తా?"

ధర్మవరం పిల్లని, కన్నడం నాకు కొత్త కాదు. పొద్దున లేచినప్పుడు వీపు నొప్పి ఉంటుందా అంటోంది. అయినా ఒక్క క్షణం అర్థం కానట్టే నిలబడ్డాను. కన్ను చూపించుకోవడానికి వచ్చాను, ఈవిడకి నా నడుం సంగతి ఎవరు చెప్పారు? ఉంటుందన్నాను. ఎంతసేపు? గంట, గంటన్నర. వయసెంత? ముప్పై ఒకటి. చీటీ కింద ఇంకో రెండు లైన్లు రాసి, కన్ను తగ్గినా సరే రుమటాలజిస్టుని కలవాలన్నారు. మూడేళ్ళుగా నేను వెతుకుతున్న ప్రశ్న అది. నడుముతో ఏ సంబంధమూ లేని డాక్టరు అడిగింది.

రుమటాలజిస్ట్ అంటే ఏంటని అమ్మ ఫోన్లో అడిగితే కీళ్ళ డాక్టరని చెప్పాను. "కీళ్ళ నొప్పులు ముసలోళ్ళకి కదా!" అని ఆమె గొంతు కాస్త వణికింది.

అపాయింట్‌మెంటు మూడు వారాలకి దొరికింది. పెద్దాయన, నెల్లూరు వైపు మనిషి. నేను అలవాటు ప్రకారం "సిజేరియన్ అయినప్పటినుంచి సార్" అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"కారణం తర్వాత చూద్దాం లేమ్మా. అది నేను చూసుకుంటా. మీరు నొప్పి సంగతి చెప్పండి."

అప్పుడర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ నేను ప్రతి డాక్టరుకీ నొప్పిని దాని కారణంతో సహా పొట్లం కట్టి ఇస్తున్నానని. వాళ్ళు విప్పి చూడలేదు, అది వాళ్ళ తప్పే. ముడి వేసింది మాత్రం నేను.

ఆయన అడిగినవి కొన్ని చాలా చిన్న ప్రశ్నలు. నొప్పి నడి రాత్రి లేపుతుందా, తెల్లవారుజామునా? ఒక నెల కుడి పిరుదు, ఇంకో నెల ఎడమ పిరుదు, అట్లా మారుతుందా? (మారేది. ఎవరికీ చెప్పలేదు, సిగ్గు.) సినిమాకి వెళ్ళి మూడు గంటలు కూర్చుంటే లేచేటప్పుడు ఎట్లా ఉంటుంది? నొప్పి మాత్ర వేసుకుంటే ఎంతసేపటికి తగ్గుతుంది? చర్మం మీద పొలుసులు లేస్తాయా? విరేచనాల్లో నెత్తురు పడిందా ఎప్పుడైనా? మడమ నొప్పి ఉందా?

మడమ దగ్గర ఆగిపోయాను. ఉంది. రెండేళ్ళ కిందట వేరే ఆసుపత్రిలో చూపించుకుంటే, బరువు తగ్గమని, చెప్పుల్లో సిలికాన్ మెత్తలు పెట్టుకోమని చెప్పి పంపారు. నడుం డాక్టరుకి మడమ గురించి ఎందుకు చెబుతాం? "కండరం కొసన ఉండే స్నాయువు ఎముకకి అతుక్కునే చోట వాపు వచ్చే జబ్బు ఇదమ్మా. నడుం కింది కీలు, మడమ, కన్ను, మూడు చోట్లా ఒకటే దొంగ" అన్నారు ఆయన.

"పెళ్ళికి ముందు ఎప్పుడైనా ఇట్లా బిగుసుకుందా?" లేదన్నాను. ఆయన ఊరుకోలేదు. కాలేజీలో? హాస్టల్లో? అప్పుడు గుర్తొచ్చింది. ఇంజినీరింగ్ ఆఖరు ఏడాది, అనంతపురం హాస్టల్లో, నాలుగైదు నెలలు పొద్దున్నే నడుం పట్టేసేది. బకెట్ ఎత్తలేక రూమ్మేటుతో నీళ్ళు మోయించుకున్నాను. అప్పుడు నింద ఇనప మంచానిది. ఇంటినుంచి దూది పరుపు తెచ్చుకున్నాను, కొన్నాళ్ళకి దానంతటదే తగ్గింది, మరిచిపోయాను. అంటే ఇరవై రెండేళ్ళ వయసులో. మత్తు సూదికి ఆరేళ్ళ ముందు. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండొచ్చు గానీ ఏళ్ళ తరబడి తెల్లవారుజామున నిద్ర లేపేంత పని అది చేయదని కూడా చెప్పారు.

"ఇంట్లో ఎవరికైనా ఇట్లాంటిది?" అంటే "లేదు సార్, మావాళ్ళందరికీ షుగరే" అన్నాను. ఇది తప్పు జవాబని తర్వాత తెలిసింది.

తర్వాత టేపు తీశారు, దర్జీల దగ్గర ఉండేలాంటిదే. చెప్పులు విప్పించి, నర్సుని పక్కన నిలబెట్టి, నడుం కింద రెండు సొట్టలు ఉంటాయి కదా, ఆ వరసన పెన్నుతో ఒక గీత, సరిగ్గా పది సెంటీమీటర్ల పైన ఇంకో గీత గీశారు. మోకాళ్ళు వంచకుండా ముందుకి వంగమన్నారు. వెన్ను సాగాలి కాబట్టి ఆ పది కనీసం పదిహేను కావాలట. నాది పదమూడు దగ్గర ఆగింది. 1937లో షోబర్ అనే జర్మన్ డాక్టరు చెప్పిన పరీక్ష ఇది. ఖర్చు, ఒక టేపు. ఛాతీ చుట్టూ అదే టేపు పెట్టి ఊపిరి పీల్చమని, వదలమని కొలిచారు. గోడకి మడమలు, వీపు ఆనించి నిలబెట్టి తల వెనక భాగం గోడకి తగులుతుందో లేదో చూశారు. తగిలింది. "మంచిది" అన్నారు, గట్టిగా కాదు, తనలో తానే అనుకున్నట్టు. ఆ మంచిదికి అర్థం నాకు ధర్మవరంలో తెలిసింది. పెన్ను గీతలు రెండు రోజులు పోలేదు.

నేను పాత ఎమ్మారై తీసి ఇవ్వబోతే, ఇందులో మనకి కావలసిన చోటు సరిగ్గా పడలేదన్నారు. వెన్నెముక చివర, కటి ఎముకతో కలిసేచోట చెరో వైపు ఒక్కో కీలు ఉంటుంది, శాక్రోఇలియాక్ కీలు. నడుం ఎమ్మారైలో అది ఒక మూలకి పోతుంది. దానికి వేరే కోణంలో, స్టిర్ అనే పద్ధతిలో తీయాలి.

రక్త పరీక్షలు కూడా రాశారు. ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే ఈఎస్‌ఆర్ 34, సీఆర్‌పీ 9 వచ్చాయి, రెండూ కాస్త ఎక్కువే. మొదటి డాక్టరు చేయించిన పాత రిపోర్టులోనూ ఈఎస్‌ఆర్ ఎక్కువే ఉంది, డెలివరీ తర్వాత రక్తం తక్కువై ఉంటుందని ఐరన్ మాత్రలు రాశారు అప్పుడు. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువు పరీక్ష పాజిటివ్. ఆ కాగితం ల్యాబు యాప్‌లో రాత్రి పదకొండింటికి వచ్చింది, నేను తెల్లారేదాకా గూగుల్‌లో పడి ఏడ్చాను. ఎవరికైనా ఒక్క మాట చెప్పగలిగితే, ఆ పని చేయకండి అంటాను. ఈ జన్యువుకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని 1973లో లండన్‌లో, లాస్ ఏంజెలిస్‌లో ఎవరికి వారు కనుక్కున్నారు. కానీ అది ఉన్నవాళ్ళలో నూటికి తొంభై పైన మందికి జీవితాంతం ఏమీ కాదు, అది లేకుండానే జబ్బు వచ్చేవాళ్ళూ ఉన్నారు. "ఇది నెగెటివ్ వచ్చినా మీకు ఎమ్మారై చేయించేవాణ్ణి" అన్నారు డాక్టరు. దారినపోయే మనిషికి పాజిటివ్ వస్తే దానికి పెద్ద అర్థం లేదు. తెల్లవారుజామున లేచే నడుం, కన్ను, మడమ ఉన్న మనిషికి వస్తే ఉంది.

ఎమ్మారై గొట్టంలో నలభై నిమిషాలు కదలకుండా వెల్లకిలా పడుకోవడం ఈ జబ్బు ఉన్నవాళ్ళకి పెట్టే శిక్షల్లో ఒకటి. చెవుల్లో దూది పెట్టినా డప్పుల మోత వినిపిస్తూనే ఉంది. లేపడానికి ఇద్దరు రావలసి వచ్చింది. ఏడున్నర వేలు.

బొమ్మ మాత్రం నాకు బాగా గుర్తుంది. డాక్టరు కంప్యూటర్ నా వైపు తిప్పారు. బూడిద రంగు ఎముకలు, మధ్యలో కీలు గీత, ఆ గీతకి రెండు వైపులా తెల్లగా పాకిన మరకలు. వానాకాలం గోడకి చెమ్మ ఎక్కినట్టు. నిజానికి అది చెమ్మే, ఎముక లోపల మూలుగులో వాపు, నీరు. ఎక్స్‌రేలో అయితే గోడ పెచ్చులూడాక గానీ కనబడదు, దానికి ఏళ్ళు పడుతుంది. నా ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. 1984 నాటి ప్రమాణాల ప్రకారం ఎక్స్‌రేలో మార్పు ఉంటేనే ఈ జబ్బు పేరు పెట్టేవాళ్ళు. 2009లో ఎమ్మారైలో కనబడే ఈ వాపుని కూడా లెక్కలోకి తీసుకున్నారు.

అక్కడ ఆయన ఆగి, డెలివరీ ఎప్పుడైందో తేదీతో సహా అడిగారు. బిడ్డ పుట్టిన కొత్తలో ఆడవాళ్ళకి ఈ కీళ్ళలో ఇట్లాంటి తెల్ల మరకలు జబ్బు లేకపోయినా కనబడతాయట, కొన్ని నెలలదాకా. మూడేళ్ళు దాటింది అంటే తల ఊపి రాసుకున్నారు. సిజేరియన్ ఊసు ఈ గదిలోనూ వచ్చింది, కాకపోతే నిందగా కాదు, ప్రశ్నగా.

కాగితం మీద యాక్సియల్ స్పాండిలోఆర్థ్రైటిస్ అని రాశారు. ముదిరి ఎక్స్‌రేలో కూడా మార్పు కనబడితే పాత పేరు యాంకైలోజింగ్ స్పాండిలైటిస్. ఒకప్పుడు మగవాళ్ళ జబ్బు అనుకునేవాళ్ళట, అందుకే ఆడవాళ్ళకి పేరు పెట్టడం ఇంకా ఆలస్యం. మొదటి నొప్పి నుంచి పేరు పెట్టేదాకా సగటున ఆరేడేళ్ళు పడుతోందని లెక్కలున్నాయి. నాకు తొమ్మిది.

మందు కొత్తదేమీ కాదు, నొప్పి మాత్రే. ఐదు రోజులు కాకుండా పూర్తి మోతాదులో, క్రమం తప్పకుండా, కడుపుకి ఇంకో మాత్రతో కలిపి, మధ్యమధ్య కిడ్నీ పరీక్షలు చేయించుకుంటూ. దానితో చాలకపోతే ఇంజెక్షన్లున్నాయి, వాటికి ముందు టీబీ పరీక్షలు చేయాలి అన్నారు. ఇప్పటిదాకా ఆ అవసరం రాలేదు. రెస్టు మాత్రం వద్దన్నారు. నడవండి, ఈత వస్తే ఈదండి. మూడో రోజు పొద్దున పాల ప్యాకెట్ అబ్బాయి బెల్లు కొడితే మెలకువ వచ్చింది. ఆరున్నర. మా ఆయన నా మొహంలోకి చూసి "హాల్లోకి పోలేదా ఈరోజు?" అన్నాడు.

మొదటి డాక్టరు మీద కోపం ఉందా అంటే, ఉంది. ఇప్పటికీ ఉంది. బయట ముప్పై మంది కూర్చుని ఉంటారు, నిజమే, కానీ పొద్దున ఎట్లా ఉంటుందమ్మా అని అడగడానికి అర నిమిషం పట్టదు.

రక్త సంబంధంలో ఎవరికైనా ఉందేమో కనుక్కోమని డాక్టరు మళ్ళీ అన్నారని అమ్మకి ఫోన్ చేశాను. జబ్బు గురించి చెబుతుంటే మధ్యలో మాట ఆపేసింది.

"మీ పెద్దమామకి ఉండె కదే పాపా గూని."

"అది మగ్గం వల్ల కదమ్మా."

"అందరూ అదే అన్రి. గుంత మగ్గంలో కూకోని కూకోని వంగిపాయ అని. మరి పక్క మగ్గం మింద మీ నాయన గూడా ముప్పై ఏండ్లు నేసె. నిట్టంగానే ఉండాడు కదా?"

ఇంత వయసొచ్చింది, ఈ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. అమ్మ ఇంకా చెప్పుకుపోయింది. మామకి పెళ్ళికి ముందు ఊరికూరికే కన్ను ఎర్రబడేదట, వెలుతురు పడక చీకటి గదిలో పడుకునేవాడట. అమ్మోరు అనుకుని వేపాకు కట్టారట, చనుబాలు పిండించారట.

దసరాకి ముందు శని ఆదివారాలు కలుపుకుని ధర్మవరం వెళ్ళాను. మామ వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. పలకరించడానికి మెడ తిప్పలేడు, ఒళ్ళంతా కలిపి తిప్పుతాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే, మా పిల్లలందరం వెనకాల అట్లా తిరిగి చూపించి నవ్వుకునేవాళ్ళం. గోడకి ఆనుకుని నిలబడమన్నాను. "ఏం ఆటే ఇది?" అంటూనే నిలబడ్డాడు. వీపు గోడకి ఆనింది. తల ఆనలేదు. గోడకీ తలకీ మధ్య నా చెయ్యి పెట్టి చూశాను. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా, జానెడు.

"ఇంగ నాకెందుకు లేమ్మా డాక్టర్లు" అన్నాడు మామ. అయినా బెంగళూరుకి తీసుకెళ్తానని చెప్పాను. ఒప్పుకోలేదు, కాదనలేదు.

ఎనిమిదవుతుండగా వాళ్ళ చిన్నోడు లోపల్నుంచి వచ్చాడు. ఇరవై ఆరేళ్ళు, టెంపో నడుపుతాడు. గడప దగ్గర ద్వారబంధం పట్టుకుని, నడుం మీద చెయ్యేసి ఓ నిమిషం అట్లాగే నిలబడ్డాడు.

"లేస్తానే నడుం పట్టేస్తాదా?" అన్నాను.

"పట్టేస్తాది వదినా. రెండు లోడ్లు ఎత్తి దించినానంటే అదే పోతాది." కాళ్ళు చెప్పుల్లో పెడుతూ అన్నాడు. "బండి సీటు బాలేదు. ఈ పండక్కి మార్పిస్తా."